పుట్టుకతో ఎవరూ దొంగ కారు: శ్రామికుని ఎదుగుదల – మన బాధ్యత

(జుమా ప్రసంగం)

మొదటి ఖుత్బా

సర్వస్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. మనిషిని మట్టితో సృజించి, అతనికి గౌరవాన్ని ప్రసాదించి, చేతులకు బలాన్నీ హృదయానికి ఆశనూ అనుగ్రహించినవాడు ఆయనే. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం)పై, ఆయన కుటుంబీకులపై, ఆయన సహచరులందరిపై శాంతి, శుభాలు వర్షించుగాక!

అల్లాహ్ దాసులారా! ముందుగా మాకు మేము, ఆపై మీకు దైవభీతిని గురించి హితవు చేస్తున్నాము. మనం నోటితో పలికే ప్రతి మాటా, మనసులో పెంచుకునే ప్రతి అనుమానమూ అల్లాహ్ ఎరుకలోనే ఉన్నాయి. వాటి లెక్క అప్పగించవలసిన దినం తప్పక వస్తుంది.

ఆత్మీయ సోదరులారా! మిల్లులో, కర్మాగారంలో, గోదాములో చెమటోడ్చే మనిషి తన పనిలో ముందుకు సాగడానికి గాని, ఏళ్ళ తరబడి ఉన్నచోటనే నిలిచిపోవడానికి గాని కారణాలు ఏమిటన్న విషయాన్ని ఈ శుక్రవారం మీ ముందుంచదలచాము. చదువు ఒక కారణం, పెట్టుబడి ఒక కారణం, ఆరోగ్యం ఒక కారణం. వీటిని గురించి తరచుగా మాట్లాడుకుంటూనే ఉంటాము. అయితే కంటికి కనిపించని కారణం మరొకటి ఉంది. అది మనస్సులో ఉంటుంది. తనను లోకం ఏమని పిలుస్తున్నదో, ఆ పిలుపును బట్టి మనిషి తన హద్దును తానే గీసుకుంటాడు. ఆ గీత చాలాసార్లు అతడు గీసినది కాదు, మనం గీసినది. ఈ సంగతిని తెలుసుకోవడానికి దూరదేశాల చరిత్ర తిరగవేయనక్కరలేదు. బాపట్లకూ చీరాలకూ నడుమ, రైలు మార్గం పక్కన ఉన్న స్టూవర్టుపురం చరిత్ర చాలు.

సోదరులారా! 1871లో ఆంగ్లేయ ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం అనే ఒక చట్టాన్ని తెచ్చింది. 1911లో దానిని మద్రాసు రాజధానికి కూడా వర్తింపజేసింది. ఈ చట్టం ప్రకారం నేరం చేసినవాడే కాదు, ఫలానా జాతిలో పుట్టినవాడు సైతం నేరస్థుడుగానే లెక్కించబడేవాడు. అతని వేలిముద్రలు తీసుకునేవారు. పేరును రిజిస్టరులో ఎక్కించేవారు. అతడు నియమిత వేళలకు హాజరు పలకాలి. అనుమతి చీటీ లేకుండా హద్దు దాటితే శిక్ష. పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి బడులలో ఉంచే అధికారాన్ని సైతం ఆ చట్టం ప్రభుత్వానికి కట్టబెట్టింది.

మన ప్రాంతపు ఎరుకలవారు ఈ చట్టం కిందికి వచ్చారు. వారు ఎవరు? తరతరాలుగా పశువులపై ఉప్పునూ ధాన్యాన్నీ మోసుకొని, కోస్తాకూ లోపలి ప్రాంతాలకూ నడుమ తిరుగుతూ వర్తకం చేసినవారు. బుట్టలు అల్లినవారు. పంతొమ్మిదో శతాబ్దంలో రైలుబండ్లు వచ్చాయి, ఉప్పుపై ప్రభుత్వ పెత్తనం బిగుసుకుంది. వారి వర్తకం కుప్పకూలింది. బతుకుతెరువు పోయి ఊరూరా తిరిగే ఆ జనాన్ని అప్పటి పాలకులు అనుమానపు కళ్ళతో చూశారు. ఆకలిని చూడలేదు, సంచారాన్ని మాత్రం చూశారు.

1913 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ నిర్వహణలో వారికోసం ఒక స్థావరం ఏర్పడింది. మద్రాసు ప్రభుత్వ కార్యనిర్వాహక మండలి సభ్యుడైన హెరాల్డ్ స్టూవర్ట్ పేరిట దానికి స్టూవర్టుపురం అన్న పేరు వచ్చింది. ఆ స్థావరంలోని స్త్రీపురుషులు అనేకులు చీరాలలోని ఐ.ఎల్.టి.డి. పొగాకు కర్మాగారంలో కూలీలుగా పనిచేశారు. పొగాకు ఘాటులో రోజంతా చాకిరీ చేసిన ఆ చేతులను లోకం కష్టజీవుల చేతులని అనలేదు, దొంగల చేతులనే అన్నది.

ఒక్క క్షణం ఆలోచించండి. మామూలు కూలీ ఒకచోట కూలి నచ్చకపోతే మరొక ఊరు వెళ్ళి మెరుగైన పని వెతుక్కుంటాడు. హాజరు పలకవలసినవాడు, చీటీ లేనిదే కదలరానివాడు ఏ ఊరు వెళ్ళగలడు? ఏ యజమానిని మెప్పించగలడు? పనిలో నైపుణ్యం సంపాదించినా, దానితో ఎక్కడికి ఎదగగలడు? రెండు తరాలు ఇలా గడిచాయి. స్వాతంత్ర్యం తరువాత అనంతశయనం అయ్యంగార్ అధ్యక్షతన ఏర్పడిన విచారణ సంఘం ఈ చట్టాన్ని తొలగించాలని సిఫారసు చేసింది. 1952 ఆగస్టు 31న దేశమంతటా ఆ చట్టం రద్దయింది.

చట్టం పోయింది గాని పిలుపు పోలేదు. 1991లో ఒకే ఏడాది ఆ ఊరి పేరుతో రెండు సినిమాలు వచ్చాయి. వాటిలో ఒకదాని పేరులోనే ‘దొంగలు’ అన్న మాట ఉంది. 2023లో వచ్చిన మరొక సినిమా తమ జాతినీ తమ ఊరినీ అవమానిస్తున్నదని హైకోర్టును ఆశ్రయించవలసి వచ్చింది. ఆ గ్రామం నుంచి నేడు ఉపాధ్యాయులు, ఉద్యోగులు ఎందరో వచ్చారు. అయినా అక్కడి యువకుడు పనికోసం మరొక పట్టణం వెళ్ళి సొంత ఊరి పేరు చెప్పగానే, ఎదుటివారి ముఖంలో మార్పును చూడవలసి వస్తున్నది. చట్టాన్ని రద్దు చేయడానికి పార్లమెంటు చాలింది. మనసులోని చట్టాన్ని రద్దు చేయవలసింది మనమే.

విశ్వాసులారా! ఇటువంటి ముద్ర మనిషి మనసులో మూడు విధాలుగా పనిచేస్తుంది.

మొదటిది భయం. తనను అనుమానిస్తున్నారని ఎరిగినవాడి ధ్యాస సగం పని మీద, సగం తనపై నిలిచిన కళ్ళ మీద ఉంటుంది. నిర్దోషి అయినా అతని చేయి వణుకుతుంది. ఆ వణుకునే లోకం దోషానికి రుజువుగా చూపుతుంది.

రెండవది సంకోచం. మేస్త్రీ పని ఖాళీగా ఉన్నదని తెలిసినా అతడు అడగడు. యంత్రం నడపడం నేర్పుతామన్నా ముందుకు రాడు. “మనవాళ్ళకు ఎవరిస్తారులే” అని తనలోనే తలుపు వేసుకుంటాడు. బయటివారు అతనిని సోమరి అంటారు. అది సోమరితనం కాదు, గాయపడిన ఆశ.

మూడవది నిరాశ. నిజాయితీగా బతికినా దొంగ అనే పిలుస్తున్నారు, ఇక నిజాయితీ దేనికన్న ఆలోచన. మూడింటిలో ఇదే ప్రమాదకరమైనది. షైతాను మనిషి చెవిలో ఊదే మాట ఇదే.

ఈ విషయంపై కార్లా హాఫ్, ప్రియాంక పాండే అనే ఇద్దరు పరిశోధకులు ఉత్తరప్రదేశ్ గ్రామాలలో ఒక పరిశీలన జరిపారు. దాని ఫలితాలు 2006లో ప్రచురితమయ్యాయి. బడి పిల్లలకు కాగితంపై గీసిన చిక్కుదారుల పజిళ్ళు ఇచ్చి, పరిష్కరించిన కొద్దీ డబ్బు ఇస్తామన్నారు. ఎవరి కులం ఏమిటో బయటపెట్టనప్పుడు అగ్రవర్ణాల పిల్లలూ, అణగారిన కులాల పిల్లలూ ఇంచుమించు సమానంగానే పరిష్కరించారు. అందరి ఎదుట కులం పేరు చదివి వినిపించాక, అణగారిన కులాల పిల్లల పనితనం పడిపోయింది. అదే బుద్ధి, అవే చేతులు, అదే కాగితం. నడుమ వచ్చి చేరింది ఒక్క పిలుపే. పిల్లవాడి సంగతే ఇలా ఉంటే, పుట్టినది మొదలు ఆ పిలుపు వింటూ పెరిగి కర్మాగారపు గేటు ముందు నిలబడిన శ్రామికుని సంగతి ఏమని చెప్పాలి?

సోదరులారా! ఇక దివ్యఖురాన్ మనకు చూపే మార్గాన్ని చూద్దాం. అల్ ఖసస్ అధ్యాయంలో హజ్రత్ మూసా (అలైహిస్సలాం) వృత్తాంతం ఉంది. ఆయన ఈజిప్టులో ఒక వ్యక్తిని గుద్దినప్పుడు ఆ వ్యక్తి మరణించాడు. నాయకులు ఆయనను చంపాలని ఆలోచిస్తున్నారని తెలిసి ప్రాణభయంతో మద్‌యన్‌కు చేరారు. అక్కడ ఆయనకు ఇల్లు లేదు, పని లేదు, పలకరించే మనిషి లేడు. నీళ్ళ దగ్గర నిలిచిపోయిన ఇద్దరు యువతుల పశువులకు నీళ్ళు పట్టి, నీడకు వెళ్ళి కూర్చున్నారు. ఆ యువతుల తండ్రి ఆయనను పిలిపించాడు. మూసా తన కథ అంతా దాచకుండా చెప్పారు. ఆ పెద్దమనిషి భయపడవద్దని ఆయనకు ధైర్యం చెప్పాడు. అప్పుడు కూతుళ్ళలో ఒకామె, ఈయనను పనిలో పెట్టుకోమని తండ్రికి సలహా ఇచ్చింది. పనివాడిలో ఉండవలసిన రెండు గుణాలను ఆమె పేర్కొన్నది: బలం, నమ్మకస్తత.

గమనించండి, సోదరులారా! ఆయన ఏ దేశంవాడు, ఏ జాతివాడు, ఆయనపై ఏ ఆరోపణ ఉన్నదన్నవి ఆమె కొలమానాలు కావు. పని చేయగలడా, నమ్మదగినవాడా అన్నవే కొలమానాలు. వాటిని కూడా వదంతిని బట్టి కాక, తాను కళ్ళారా చూసినదానిని బట్టి నిర్ణయించింది. ఆ యజమాని ఇచ్చిన ఎనిమిది, పది సంవత్సరాల పని ఒప్పందం ద్వారానే, పారిపోయి వచ్చిన ఒక మనిషి గృహస్థుడై, కాపరియై స్థిరపడ్డాడు.

ఆ తరువాత అల్లాహ్ ఆయనను ప్రవక్తగా ఎన్నుకొని ఫిరౌన్ వద్దకు పంపినప్పుడు మూసా ఏమని విన్నవించుకున్నారు? తన ఎద ఇరుకవుతున్నదన్నారు. తన నాలుక సాఫీగా ఆడదన్నారు. వారి వద్ద తనపై ఒక నేరారోపణ ఉన్నదనీ, తనను చంపుతారేమోనని భయంగా ఉన్నదనీ చెప్పుకున్నారు. పాత ఆరోపణ మనిషి గుండెను ఎంతగా బిగిస్తుందో అల్లాహ్ తన గ్రంథంలోనే మనకు చూపాడు. అల్లాహ్ ఆ భయాన్ని అపహసించలేదు. మూసా చేతిలోని కర్రనే, ఆయన రోజూ గొర్రెలకు ఆకులు రాల్చే పనిముట్టునే ముందుగా ఏకాంతంలో పడవేయించి, తిరిగి పట్టించి, భయపడవద్దని చెప్పాడు. తోడుగా సోదరుడు హారూన్‌ను ఇచ్చాడు. ఆ తరువాతనే రాజసభకు పంపాడు.

ఆల్బర్ట్ బాండూరా అనే మనస్తత్వవేత్త 1977లో, మనిషికి తన సామర్థ్యంపై నమ్మకం ఎలా కలుగుతుందో వివరించాడు. స్వయంగా ఒక పని సాధించి చూసుకోవడం, తనవంటివారు సాధించగా చూడడం, ప్రోత్సహించే మాట వినడం, మనసులోని ఆందోళన తగ్గడం – ఇవి దానికి మార్గాలని చెప్పాడు. చేతికి అలవాటైన పనిముట్టు, తోడు నిలిచే సోదరుడు, ధైర్యం చెప్పే మాట ఎంత అవసరమో ఖురాన్ చదివే మనం అతనికంటే ముందే ఎరిగి ఉండవలసింది.

దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) కాలంలోని రెండు సంఘటనలను కూడా విన్నవిస్తాము. రెండూ సహీహ్ బుఖారీలో ఉన్నాయి.

మొదటిది: ఒక తెగవారి వద్ద ఒక నల్లజాతి పనిపిల్ల ఉండేది. ఆ ఇంటి బాలిక ధరించే ఎర్రని తోలు పట్టీ ఒకటి కనిపించలేదు. దానిని మాంసం ముక్క అనుకొని గద్ద ఎత్తుకుపోయింది. కాని అందరి వేళ్ళూ ఈ పనిపిల్ల వైపే చూపాయి. ఆమెను సిగ్గు విడిచి సోదా చేశారు. అంతలో ఆ గద్దే వచ్చి వారి నడుమ ఆ పట్టీని జారవిడిచింది. ఆమె ఆ తెగను విడిచి దైవప్రవక్త సన్నిధికి వచ్చి ఇస్లాం స్వీకరించింది. ఆమెకు మస్జిద్‌లోనే ఒక చిన్న గుడారం ఉండేది. హజ్రత్ ఆయిషా (రజియల్లాహు అన్‌హా) వద్దకు వచ్చి కూర్చున్నప్పుడల్లా ఆమె ఆ పట్టీ పోయిన రోజునే తలచుకునేది. ఎన్నాళ్ళు గడిచినా ఆ సోదా ఆమె మనసును వదలలేదు. నేడు గేటు వద్ద ఒక్క మనిషినే పక్కకు నిలబెట్టి జేబులు తడిమేవారు ఈ సంఘటనను గుర్తుంచుకోవాలి. పోయిన వస్తువు గద్ద నోట తిరిగి వస్తుంది గాని, పోయిన గౌరవం అలా తిరిగి రాదు. అటువంటి గాయపడిన మనిషికి చోటిచ్చినది మస్జిద్ అన్న సంగతి మనం మరువరాదు.

రెండవది: అరబ్బులలో గిఫార్, అస్లమ్ మొదలైన తెగలకు హాజీలను దోచుకునేవారన్న పేరు ఉండేది. ఆ తెగలవారు ఇస్లాం స్వీకరించినప్పుడు, తమీమ్ తెగ నాయకుడొకరు దైవప్రవక్త ఎదుట, మీకు ప్రమాణం చేసినవారు హాజీలను దోచుకునే దొంగలే కదా అని ఎత్తిపొడిచాడు. దైవప్రవక్త ఆ పాత పిలుపును అంగీకరించలేదు. ఆ తెగలవారు ఘనమైన తెగలని పేరుబడినవారికంటే మేలైనవారని ప్రమాణపూర్వకంగా ప్రకటించారు. గిఫార్ తెగను అల్లాహ్ క్షమించుగాక అని దుఆ చేశారు. సత్యవాదిగా, నిరాడంబరునిగా ముస్లిం లోకమంతా గౌరవించే హజ్రత్ అబూజర్ (రజియల్లాహు అన్‌హు) ఆ గిఫార్ తెగలోనే పుట్టారు. పాత పిలుపుతోనే ఆయనను ద్వారం వద్ద నిలిపివేసి ఉంటే, సమాజం ఎంతటి మహనీయుని కోల్పోయి ఉండేది!

ఆ అబూజర్ గారే ఒకసారి ఒక వ్యక్తిని అతని తల్లి పేరెత్తి కించపరచినప్పుడు, నీలో అజ్ఞానకాలపు లక్షణం మిగిలి ఉన్నదని దైవప్రవక్త గట్టిగా హెచ్చరించారు. పనివారు మీ సోదరులే, మీరు తినేది వారికి తినిపించండి, మీరు తొడిగేది వారికి తొడిగించండి, శక్తికి మించిన పని చెప్పవద్దని ఆ సందర్భంలోనే ఉపదేశించారు. ముద్ర వేయబడిన తెగలో పుట్టినవారు సైతం మరొకరిపై ముద్ర వేసే ప్రమాదం ఉన్నదని దీనివల్ల తెలుస్తున్నది.

సోదరులారా! ఈ మాట మన ఇంటికి కూడా వర్తిస్తుంది. మన పేరు వినగానే అద్దెకు ఇల్లు లేదనేవారినీ, ఉద్యోగం లేదనేవారినీ తలచుకొని మనం బాధపడతాము. ఆ బాధ న్యాయమైనదే. కాని మన పెళ్ళి సంబంధాలలో, మన కమిటీలలో దూదేకులవారనీ, కసాయివారనీ, ఫకీర్లనీ వృత్తిని బట్టి మనిషిని చిన్నచూపు చూడడం లేదా? దూది ఏకిన చేతులు మన పరుపులను సిద్ధం చేశాయి. ఆ వృత్తి పేరే తిట్టుగా మారితే, ఆ ఇంటి పిల్లవాడు తండ్రి పేరు చెప్పుకోవడానికి జంకితే, దాని పాపం ఎవరిది? అల్ హుజురాత్ అధ్యాయంలో అల్లాహ్ విశ్వాసులను ఒకరినొకరు ఎగతాళి చేయవద్దనీ, చెడ్డ పేర్లతో పిలవవద్దనీ, అతిగా అనుమానించవద్దనీ ఆదేశించాడు. జాతులు, తెగలు పరస్పరం గుర్తించుకోవడానికే గాని హెచ్చుతగ్గులకు కాదనీ, అల్లాహ్ వద్ద గౌరవనీయుడు దైవభీతి కలవాడేననీ తెలిపాడు.

అదే సమయంలో శ్రామిక సోదరులకు కూడా ఒక మాట. లోకం వేసిన ముద్ర పాపానికి అనుమతి కాదు. ఎవరి భారాన్నీ మరొకరు మోయరని ఖురాన్ స్పష్టం చేసింది. మీ తాతపై పడిన నింద మీది కాదు. అలాగే మీరు చేసే తప్పు మీ తాతపై పడిన నిందవల్ల ఒప్పు కాదు. ఒక జాతి తనలోని స్థితిని మార్చుకోనంతవరకు అల్లాహ్ ఆ జాతి స్థితిని మార్చడన్న హెచ్చరిక మనందరికీ వర్తిస్తుంది. పనిలో అమానత్ పాటించండి. కొత్త పని నేర్పుతామన్నప్పుడు వెనుకాడకండి. అర్హత ఉన్నచోట నోరు తెరిచి అడగండి. ఒకసారి కాదంటే అది అల్లాహ్ తీర్పు అనుకోకండి.

అల్లాహ్ మనందరికీ దివ్యఖురాన్ శుభాలను ప్రసాదించుగాక! మా కోసం, మీ కోసం, ముస్లింలందరి కోసం అల్లాహ్ క్షమాభిక్షను వేడుకుంటున్నాము. మీరూ వేడుకోండి. నిశ్చయంగా ఆయన క్షమించేవాడు, కరుణించేవాడు.

రెండో ఖుత్బా

స్తోత్రాలన్నీ అల్లాహ్‌కే. ఆయన ప్రవక్తపై శాంతి, శుభాలు కలుగుగాక!

అల్లాహ్ దాసులారా! విన్నది ఆచరణలోకి రాకపోతే మన వినికిడి మనకే వ్యతిరేకంగా సాక్ష్యమిస్తుంది. కనుక ఆచరించదగిన కొన్ని విషయాలను క్లుప్తంగా చెబుతాము.

ఒకటి. మిల్లులు, దుకాణాలు, వర్క్‌షాపులు నడుపుతున్న సోదరులు పని అడగవచ్చినవారిని ఊరినీ కులాన్నీ బట్టి తూచవద్దు. మద్‌యన్ యువతి చెప్పిన రెండు గుణాలనే చూడండి. సోదా అవసరమైన పని అయితే గుమాస్తా మొదలు మేనేజరు వరకు అందరికీ ఒకే నియమం ఉంచండి. రుజువు లేకుండా ఎవరిపైనా దొంగతనం మోపవద్దు.

రెండు. నమ్మకాన్ని కొద్దికొద్దిగా అప్పగించండి. ఈ రోజు గోదాము తాళం, రేపు సరుకు లెక్క, ఆపై యంత్రం. నమ్మకం పొందిన మనిషి ఆ నమ్మకానికి తగినట్టు ఎదగడానికి యత్నిస్తాడు. పనివాడి చెమట ఆరకముందే కూలి చెల్లించమన్న ప్రవచనాన్ని మరువకండి.

మూడు. మన మస్జిద్ కమిటీలు, బైతుల్‌మాల్ నిధులు కూలీల పిల్లలకు ఐ.టి.ఐ. వంటి శిక్షణలలో చేరేందుకు తోడ్పడాలి. ముస్లిమేతర పొరుగువారికి కూడా సదఖా ఇవ్వవచ్చు. 1970లలో స్టూవర్టుపురంలో లవణం, హేమలత దంపతులు అక్కడి కుటుంబాల మధ్య ఉండి సంస్కరణ కోసం పాటుపడ్డారు. వారు నాస్తికులు, మన విశ్వాసం వారిది కాదు. అయినా మేలును మేలుగా ఒప్పుకోవడం న్యాయం. దైవాన్ని నమ్మనివారు ఆ గడప తొక్కగలిగినప్పుడు, ప్రతి మనిషినీ అల్లాహ్ గౌరవించాడని నమ్మే మనం ఎందుకు వెనుకబడాలి?

నాలుగు. నాలుకను అదుపులో ఉంచుకోండి. ఒక ఊరి పేరును హాస్యానికైనా దొంగతనానికి మారుపేరుగా వాడకండి. పిల్లల ఎదుట అసలే వాడకండి. ఆ మాటతోనే మరో తరం గేటు మూతపడుతుంది.

సోదరులారా! అల్లాహ్ మనలను న్యాయం చేయమనీ, ఉపకారం చేయమనీ, బంధువుల హక్కులు నెరవేర్చమనీ ఆదేశిస్తున్నాడు. నీతిబాహ్యమైన పనులనూ, చెడునూ, దౌర్జన్యాన్నీ వారిస్తున్నాడు.

ఓ అల్లాహ్! కష్టపడే ప్రతి చేతికీ ధర్మసమ్మతమైన ఉపాధిని ప్రసాదించు. నిందమోసిన గుండెలకు ధైర్యాన్ని ప్రసాదించు. మూసా ఎదను విశాలం చేసినట్టు మా ఎదలనూ విశాలం చేయి. మా మనసుల నుంచి దురనుమానాన్ని తొలగించు. మా వల్ల ఎవరి ఆశా చితికిపోకుండా కాపాడు. యజమానులకు న్యాయబుద్ధిని, శ్రామికులకు నమ్మకస్తతను, మా పిల్లలకు సన్మార్గాన్ని అనుగ్రహించు. మాకు ఇహలోకంలోనూ పరలోకంలోనూ మేలు చేకూర్చు. ఆమీన్.

నమాజుకు లేవండి. వరుసలు సరిచేసుకోండి. భుజానికి భుజం కలిపి నిలబడండి.